హెచ్-ఇండెక్స్‌లో ఫలక్‌నుమా స్టేషన్ ఉందా?

మొన్న లంచ్ టేబుల్ దగ్గర సి. రామచంద్రయ్య గారి గురించి చెబుతుంటే మా టీమ్‌లో ఒకాయన ఫోన్ తీసి గూగుల్ స్కాలర్ తెరిచాడు. "సైటేషన్లు ఎన్నో చూస్తే ఇంపాక్ట్ తెలిసిపోతుంది కదా" అన్నాడు. కోడ్‌ని లైన్ల లెక్కన కొలిచే మేనేజరు కనబడితే ఒంటికాలి మీద లేస్తాం మనం. పరిశోధకుడి దగ్గరికొచ్చేసరికి అదే లెక్క ఎలా చెల్లుతుందండీ?

తెలియనివాళ్ళ కోసం: ఆయన బేగంపేటలోని సెస్‌లో, అంటే ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రంలో పనిచేసిన భౌగోళిక శాస్త్రవేత్త. భూగోళం అంటే నదులూ రాజధానులూ బట్టీ పట్టడమేనని మనకి టెన్త్‌లోనే స్థిరపడిపోయింది. ఈయన చూసింది వేరు. నగరంలో ఏ నేల ఎవరి సంతకంతో ఎవరి చేతికి పోతోంది, రోడ్డు ఎటు తిరుగుతోంది, చెరువు ఎందుకు మాయమైంది? ఇదంతా రాజకీయ భూగోళం. చెరువుల మీద 2004లో షీలా ప్రసాద్ గారితో కలిసి రాశారు. 2008లో ఆవిడతోనూ, నెదర్లాండ్స్‌కి చెందిన గూస్ వాన్ వెస్టెన్‌తోనూ కలిసి ఆసియా, యూరప్ హైటెక్ నగరాల మీద ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించారు. మనం రోజూ బ్యాడ్జి చూపించి లోపలికెళ్ళే సైబరాబాద్ గొడవే అది. మనలో ఎంతమంది చదివాం?

సరే, అసలు కథ మెట్రోది. 2008లో టెండరు మేటాస్‌కి దక్కింది. సాధారణంగా మెట్రో కట్టేవాడు ప్రభుత్వాన్ని డబ్బడుగుతాడు. వీళ్ళు మాత్రం ఎదురు మేమే 30,311 కోట్లిస్తాం అన్నారు! టిక్కెట్ల మీద అంత వస్తుందని ఎవరైనా నమ్ముతారా? ప్రాజెక్టుతోపాటు 269 ఎకరాల మీద నిర్మాణ హక్కులున్నాయి, ఆ లెక్క అదీ. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు ఇది కుంభకోణానికి దారితీస్తుందని హెచ్చరిస్తే, మెచ్చుకోవడం పోయి ఆయన్నే క్షమాపణ చెప్పమన్నారు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటపడింది. రామచంద్రయ్య గారు ఆ ఏడాదే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో మేటాస్, మెట్రో, రియల్ ఎస్టేట్ రాజకీయాలను కలిపి వ్యాసం రాశారు. జులైలో ఒప్పందం రద్దయింది.

వ్యాసం వల్లే రద్దయిందని నేననను. సత్యం కూలింది కాబట్టి రద్దయింది. కానీ కంపెనీ మారినా పద్ధతి మారలేదు. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఆ 269 ఎకరాల సూత్రం అలాగే ఉంది.

ఇప్పుడు తేదీలు చూడండి. మొదటి రైలు 2017 నవంబరు. మన హైటెక్ సిటీకి 2019 మార్చి, రాయదుర్గానికి అదే ఏడాది నవంబరు. జేబీఎస్ నుంచి వచ్చే లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, పాతబస్తీ గుమ్మంలో ఆగిపోయింది. సాలార్‌జంగ్, చార్మినార్, శాలిబండ మీదుగా ఫలక్‌నుమా దాకా ఉన్న 5.5 కిలోమీటర్లు ఎవరో తర్వాత కోరిన అదనపు ఫీచరు కాదు, మొదటి స్కోపులోనే ఉంది. దారిలో మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుళ్ళు ఉన్న మాట నిజం. అలైన్‌మెంటు మార్చమని పార్టీలు పట్టుబట్టిన మాటా నిజం. ఆ సాకు దొరికాక కట్టేవాళ్ళకి తొందరేముంటుంది? అక్కడ మాల్ లేవడానికి జాగా లేదు. చివరికి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. 2025లో ఎల్ అండ్ టీ తప్పుకుంటానంటే, అప్పుతో సహా తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. భూమి కాపాడుతుందనుకున్న బండి!

ఇంపాక్ట్ అని అడిగే మిత్రుడికి నా జవాబు ఇది: పరిశోధకుడు పదిహేనేళ్ళ ముందు బగ్ రిపోర్టు రాశాడు. చదవాల్సినవాళ్ళు "క్లోజ్డ్" అని పెట్టారు. ఇందులో ఎవరి స్కోరు తక్కువ?

అయితే ఆయన వర్గానికీ ఒక మాట. హైదరాబాద్‌కీ యూరప్‌కీ మధ్య సహకారం కుదిరింది, సంతోషం. బేగంపేటకీ శాలిబండకీ మధ్య ఎందుకు కుదరలేదు? విస్తరణలో షట్టరు పోయే దుకాణదారుకి గజానికి 81,000 రూపాయలు ఖరారు చేశారు. అది ఎక్కువా తక్కువా అని బేరమాడటానికి అతనికి కావలసిన చరిత్రంతా ఇంగ్లీషులో, చందా కడితే తప్ప తెరుచుకోని పత్రికలో ఉంది. పదోన్నతికి లెక్కలోకొచ్చేది ఆ పత్రికే. తెలుగులోనో ఉర్దూలోనో నాలుగు పేజీల కరపత్రం వేస్తే సున్నా మార్కులు. తప్పు ఈ కొలతది, ఆ కొలతని పట్టుకుని ఊరేగే మనలాంటివాళ్ళది కూడా.

ఆ మెట్రో వ్యాసం పెద్దదేమీ కాదు. తెలుగులో పెట్టడానికి అనుమతి అడుగుతూ ఈ వారం ఉత్తరం రాస్తున్నాను. ఉర్దూ రాయడం వచ్చినవాళ్ళు ఒకరిద్దరు కావాలి. శనివారం పూట రెండు గంటలు ఇవ్వగలిగితే చాలు, చెప్పండి.