సెలవులకు ఎక్కడికీ పోలేదా? మన కొండకే పోయాం



సంక్రాంతి సెలవులు అయిపోయాయి. అందరం మళ్లీ హాస్టళ్లకు చేరాం. రూముల్లో మొదటి ప్రశ్న ఒకటే: "సెలవులకు ఎక్కడికెళ్లావ్?" వైజాగ్‌లో ఆర్కే బీచ్‌కి పోయినవాడు ఫొటోలు తీసి చూపిస్తాడు. ఊళ్లో ఉన్నవాడు "ఎక్కడికీ పోలేదురా, ఇంటికాడే" అని తల దించుకుంటాడు. ఆ తల ఎందుకు దించుకోవాలి? మాకు కోపం వచ్చేది అక్కడే.

అదే వారం మైదానం జనం రాత్రంతా బండ్లు నడుపుకొచ్చి, మబ్బులు చూడ్డానికి తెల్లవారుజామున మన వంజంగి కొండెక్కుతారు. లంబసింగి చలిలో డబ్బులు కట్టి గుడారాల్లో పడుకుంటారు. వాళ్లొస్తే అది టూరు. అక్కడే పుట్టిన మనం తిరిగితే సెలవు కాదా?

మేం నలుగురం ఈసారి ఊరు దాటలేదు. డబ్బుల్లేకే, దాచడం ఎందుకు. మూడో రోజుకి ఫోన్లో డేటా కూడా అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక నల్లోడి వెనకాల కొండెక్కాం. నల్లోడు మా కుక్క. పంట కాలంలో మంచె కింద పడుకుని అడవిపందుల్ని తరుముతాడు. కోతలయ్యాక వాడికీ సెలవులే. (కుక్కతో అడవిలో కనిపిస్తే వేటకే అనుకుంటారు. మేం పట్టుకెళ్లింది ఒక నోటుబుక్కు, కాసిన్ని ఉడకేసిన దుంపలు.)

జనవరిలో కూడా నీళ్లుండే గెడ్డ ఏదో మాకు తెలీదు, వాడు తిన్నగా దాని దగ్గరికే పోయాడు. ఇంకా పైకి పోతే ఒక గట్టు దగ్గర ఆగిపోయాడు. పిలిచినా రాడు, దుంప చూపించినా రాడు. అవతల పక్కూరి కుక్కలు మొరుగుతున్నాయి. సాయంత్రం తాతకి చెప్తే నవ్వాడు. "అదేరా మన పొలిమేర. దాటితే ఆ కుక్కలు ఊరుకుంటాయేటి?"

డిగ్రీ చదువుతున్నాం మేం. ఆగస్టు 9న జల్, జంగల్, జమీన్ అని గొంతు పోయేలా అరుస్తాం. మన జమీన్ ఎక్కడ ఆగుతుందో కుక్కకు తెలిసినంత మాకు తెలీదు. సిగ్గుపడితే దీనికి పడాలి, బీచ్‌కి పోనందుకు కాదు.

"ఊళ్లో ఏటుందన్నా, బోర్" అంటారు. పేర్లు తెలీనోడికి ఏ కొండైనా బోరే. మర్నాడు తాతనీ వెంట తీసుకుపోయాం. పాత ఊరు ఉన్నచోట మిగిలిన మామిడిచెట్లు, దేవత రాయి, ముత్తాతల సమాధులు, ఒక్కో గెడ్డకి ఒక్కో పేరు. సగం పుస్తకం నిండింది.

ఇవేవో కబుర్లు అనుకోకండి. ఊరుమ్మడి అడవి మీద హక్కు అడగొచ్చని 2006 అటవీ హక్కుల చట్టం చెప్తోంది. 2008 నియమాల్లో 13వది తీసి చదవండి. పెద్దలు చెప్పగా రాసిన వాంగ్మూలం, పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యమే. తాతలు పోయాక గ్రామసభలో లేచి "ఈ గెడ్డ నుంచి ఆ గట్టు దాకా మాది" అని చెప్పేదెవరు? మన బీచ్ ఫొటోలా?

సముద్రం చూడొద్దని కాదు, మేమూ చూస్తాం. సెలవుల్లో కూలికి పోయే తమ్ముళ్లు, కోచింగ్‌కి ఉండిపోయే చెల్లెళ్లు ఉన్నారు, వాళ్లనీ అనట్లేదు. ఊళ్లో ఉండి కూడా గుమ్మం దిగకుండా, సిగ్నల్ కోసం గోడెక్కి కూర్చున్న మనలాంటోళ్లనే అంటున్నాం. పోయిన ఏడాది మేమూ ఆ గోడ మీదే ఉన్నాం.

పడమటి వైపు ఇంకా మిగిలిపోయింది. వేసవి సెలవుల్లో పోతాం. నల్లోడికి ఎప్పుడైనా ఓకే. తాత మోకాళ్లే అప్పటిదాకా బాగుండాలి.