గండి ఎక్కడ?

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఆపిల్ ఫోన్లలోని అనువర్తనాలను కుప్పకూల్చింది. జ, పొల్లు, ఞ, ఆపై కంటికి కనబడని ఒక సంకేతం, చివర దీర్ఘం: ఆ వరుసే కారణం. 19వ తేదీన వచ్చిన 11.2.6 కూర్పు దానిని సరిచేసింది. లోపల ఏమి దిద్దారో బయటివారు చూడలేరు.

హార్ఫ్‌బజ్ అట్లా కాదు. ఆండ్రాయిడ్‌లోను, ఫైర్‌ఫాక్స్‌లోను మన ఒత్తులను, గుణింతాలను పేర్చిపెట్టే ఆ లైబ్రరీ మూలం బహిరంగం. తప్పును ఎవరైనా చూపవచ్చు, చేతనైతే దిద్ది పంపవచ్చు. మనమేమో "తెలుగు సరిగా రావడం లేదు" అని విసుక్కొని ఊరుకుంటాము! మా కోనసీమలో కాలువకు గండి పడితే రైతు లస్కరుకు ఏ గట్టున, ఏ తూము దగ్గరో చెబుతాడు. ఏ అక్షరాల వరుస, ఏ ఖతి, ఏ కూర్పు అని రాయడానికి ప్రోగ్రామింగు రానక్కరలేదు. తెరపట్టు ఒక్కటే పంపితే మాత్రం చాలదు. ఆ అక్షరాలనూ అతికించాలి. కనబడని సంకేతం బొమ్మలో దొరకదు కదా.