గూడ రాలితే ముందు చేనుకి పోదాం, దుకాణానికి కాదు



దసరా సెలవులకు ఇంటికి పోతే ఉట్నూర్, జైనూర్, ఇంద్రవెల్లి ఎటు చూసినా ఒకటే మాట: గూడ రాలుతుంది, మందు తేవాలె. పట్టా లేని పోడు భూమికి బ్యాంకు అప్పు పుట్టదు కాబట్టి మందు ఉద్దెరకే వస్తది. ఏ మందో దుకాణపాయనే చెప్తడు, పత్తి ఏరినంక కాంటా కూడా ఆయన దగ్గరే. ఈ అప్పులో చాలా మటుకు అక్కర లేనిదని మేము గట్టిగా అంటున్నం.

పత్తి మొక్క పెట్టిన గూడంతా కాయ కాదు. సగానికి పైగా తనంతట తానే రాల్చుకుంటది, సాకగలిగినన్ని కాయలే ఉంచుకుంటది. ముసురు పట్టి ఎండ లేకపోయినా, నల్లరేగడిలో నీళ్లు నిలిచినా, బెట్ట తగిలినా ఇంకా ఎక్కువ రాలుతది. అందుకే రాలిన గూడ ఓ పది ఏరి చీల్చి చూడాలె. రంధ్రం ఉంటే పురుగు పని. చెట్టు మీద పువ్వు విచ్చుకోకుండా గుడ్డిపువ్వు అయితే గులాబీ రంగు పురుగు. ఏమీ లేకపోతే వానో, బెట్టో, ఎరువో. దానికి పురుగు మందు ఏం చేస్తది?

అసలు తిప్పలు యూరియాతోని. చేను నల్లగా, ఏపుగా ఉంటే ఊరంతా మెచ్చుకుంటరు (మన నాయనలకు అదో గొప్ప). కానీ గుబురైతే కింది కొమ్మలకు ఎండ తగలదు, అక్కడి గూడ రాలుతది, కాయ కుళ్లుతది, పచ్చదోమ చేరుతది. యూరియా, పొటాష్ 20, 40, 60, 80 రోజులకు విడగొట్టి వేయాలె. మనోళ్లు యూరియా రెండుసార్లలో గుమ్మరించి పొటాష్ సంగతే మరుస్తరు.

వాన వెలిసినంక ముందు కాలువ తీసి నీళ్లు పంపాలె, తర్వాత 13-0-45 లీటరుకి 10 గ్రాములు కొట్టాలె. పూత నిలవడానికి ప్లానోఫిక్స్ అయితే 4.5 లీటర్లకు 1 మిల్లీలీటరే. మూతతోని అందాజగా పోస్తే చెరుపే. ఎదుగుదల ఆపే మెపిక్వాట్ క్లోరైడ్ బెట్టకొచ్చిన చేనుకి అస్సలు వద్దు.

కరపత్రాలు తెలుగులో వస్తయి. గోండిలో, కొలామీలో ఇంట్ల చెప్పేది మనమే. ఈ సెలవుల్లో చేనుకి పోయి గూడ చీల్చి చూపెట్టండి. దుకాణానికి పోతే మందు పేరు, ధర రాసిన బిల్లు అడగండి. ఇయ్యనంటే ఆ సీసా అక్కడే పెట్టి రండి.