పెరటి చెట్టే మనకు మందు

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మన పెద్దలు అంటుంటారు. మన కోసిగి వైపు కన్నడం మాట్లాడే ఇళ్లు కూడా ఉన్నాయి కదా, వాళ్లూ ఇదే మాటను "హిత్తల గిడ మద్దల్ల" అంటారు. రెండు భాషల వాళ్లు ఒకే మాట చెబుతున్నారంటే అందులో కొంత నిజం ఉండే ఉంటుంది. దగ్గర ఉన్నదాని విలువ మనిషికి తెలియదన్నదే ఆ నిజం. కానీ ఈ సామెతను పట్టుకొని పెరటి చెట్టును వదిలేస్తే నష్టపోయేది మనమే. మనలాంటి పిల్లలకు పెరటి చెట్టే మందు అని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

మనకు బడిలో వారానికోసారి నీలం రంగు మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఈ ఫోలిక్ ఆమ్లం కథ మనలో చాలామందికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు మన పాలకూర లాంటి స్పినాచ్ అనే ఆకుకూర నుండి దీన్ని వేరుచేశారు. లాటిన్ భాషలో ఆకును 'ఫోలియం' అంటారు. ఆ మాట నుండే దీనికి ఆ పేరు పెట్టారు. తర్వాత నాలుగైదేళ్లకే దీన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అంటే మనం మింగే మాత్రకు పేరు పెట్టింది ఆకే. ఇంక పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఎట్లా అనగలం?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మంది రక్తహీనతతో ఉన్నారు. ఆ లెక్కలో మన అమ్మలున్నారు, అక్కలున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల దాకా ఆకుకూరలు, కూరగాయలు కావాలి. మన ఇళ్లలో అంత తింటున్నామా? జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఇంత కారం. సంత రోజు కొన్న టమాటాలు రెండు రోజులకే అయిపోతాయి. కూరగాయల ధర పెరిగినప్పుడు మన ఇళ్లలో మొదట తగ్గేది కూరే.

"వానలే లేని కోసిగిలో తోటలేంది?" అని కొందరు నవ్వుతారు. మాది కరువు సీమే, కాదనము. కానీ ఒక చిన్న లెక్క చూడండి. ఒక మనిషి స్నానానికి బకెట్ నీళ్లు, అంటే 15 లీటర్లు అనుకుందాం. ఇంట్లో ఐదుగురుంటే 75 లీటర్లు. ఇంకా గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు వేరే. ఒక చదరపు మీటరు మడికి రోజుకు సుమారు 5 లీటర్లు పోసినా 75 లీటర్లతో 15 చదరపు మీటర్లు తడపవచ్చు. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. అంటే ఒక ఇంటి స్నానాల నీళ్లు సెంటులో మూడో వంతుకు సరిపోతాయి. ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? వీధిలోకి పోయి మురుగై దోమలను పెంచుతున్నాయి. నీళ్లు లేవని ఒక పక్క ఏడుస్తూనే ఇంకో పక్క ఆ నీళ్లతో దోమలను సాకుతున్నాము.

అయితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. సబ్బు నీళ్లను కంకర, ఇసుక పోసిన చిన్న గుంతలోకి వదిలి, అక్కడి నుండి అరటి, మునగ, బీర, సొర, పూల మొక్కల మొదళ్లకు మాత్రమే పారించాలి. ఆకుల మీద పడనీయకూడదు. కొత్తిమీర, ముల్లంగి లాంటి పచ్చిగా తినేవాటికి ఆ నీళ్లు అసలే వద్దు. ఆకుకూరల మడికి బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోస్తే మంచిది. మరుగుదొడ్డి నీళ్లు దేనికీ వాడకూడదు.

ఇది పుస్తకం చూసి రాస్తున్న మాట కాదు. పోయిన జూలైలో మేము ఎనిమిదిమంది కలిసి హాస్టల్ వెనక కంపచెట్లు కొట్టి నాలుగు మడులు చేశాము. మనది నల్లరేగడి. తడిస్తే కాళ్లకు అంటుకుంటుంది, ఎండితే బీటలు వారుతుంది. పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపాక మట్టి గుల్లబారింది. తోటకూర, బెండ, బీర, బంతి వేశాము. నెల తిరక్కముందే తోటకూర పప్పు తిన్నాము. ఆ రోజు కూర వద్దన్నవాడు ఒక్కడూ లేడు. తర్వాత దసరా సెలవులు వచ్చాయి. అందరం సంచులు సర్దుకొని ఊళ్లకు పోయాము. తిరిగి వచ్చేసరికి సగం ఎండిపోయింది, సగం మేకలు తిన్నాయి. తప్పు మాదే. మొక్కకు సెలవులు ఉండవన్న సంగతి మరిచిపోయాము. రెండోసారి కంప నాటి, వంతులు రాసుకొని, సెలవుల్లో దగ్గరి ఊరి పిల్లలు వచ్చి నీళ్లు పోసేటట్టు ఏర్పాటు చేసుకున్నాము. ఇప్పుడు మునగ మొక్కలు మా నడుము దాకా వచ్చాయి.

మా తోట చూసి ఒక మిత్రుని నాయన మాతో ఒక మాట అన్నాడు. "మేము మట్టిలో పడి చస్తున్నది మీరు మట్టి ముట్టకూడదనే కదా, చదువుకోవడానికి పంపితే మళ్లీ ఈ పనేనా?" అన్నాడు. ఆ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆయన బాధ నిజమైనది. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం. మన దగ్గర మాత్రం సుగ్గికి పోవడమంటే ఇంకొకరి పంట కోయడానికి ఊరు విడిచిపోవడం. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి మన అమ్మానాయనలు గుంటూరు వైపు పోతారు. ఇంటి దగ్గర అవ్వాతాతలు మిగులుతారు. ఆ నెలల్లో వాళ్లు ఏం తింటున్నారో మనం అడుగుతున్నామా?

బాగా ఆలోచించాక మాకు తోచిన జవాబు ఇది. నాయనా, మీరు చేసింది కూలి పని. ఆ పంట మీ పళ్లెంలోకి రాలేదు. మేము చేసేది మా పళ్లెం కోసం. ఎకరం భూమి లేనివానికి ఇంటి వెనక దొడ్డే పొలం. సుగ్గికి పోయేముందు ఇంటి దగ్గర రెండు మునగ చెట్లు, ఒక చిక్కుడు పాదు ఉంటే అవ్వ సంత కోసం ఎదురుచూడదు. పెరటి తోట సుగ్గిని ఆపుతుందని మేము అనడం లేదు. వెనక మిగిలినవాళ్లకు ఒక పూట కూర పెడుతుందని మాత్రమే అంటున్నాము.

"మాకు దొడ్డే లేదు" అనే మిత్రులున్నారు. అదీ నిజమే. 2020లో ప్రభుత్వం ఊళ్లలో ఇచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. అందులో ఇల్లు కడితే మిగిలేది ఎంత? 2025లో గ్రామాల్లో మూడు సెంట్లు ఇవ్వాలని నిర్ణయించారు, అది మంచి మాట. మూడు సెంట్లు వచ్చినవాళ్లు మొత్తం సిమెంటు చేయకుండా ఒక మూల మట్టిని మిగుల్చుకోవాలి. సెంటున్నర ఉన్నవాళ్లు కూడా గోడ మూలన ఒక గుంత తీసి బీర పాదు పెడితే తీగ మిద్దె మీదకు పోతుంది. పాత బకెట్లలో, సిమెంటు సంచుల్లో వంగ, మిరప, కరివేపాకు పెరుగుతాయి.

ఇక పూలు. "తిండికే నీళ్లు చాలకపోతే పూలెందుకు?" అంటారు. బంతి వేర్లు మట్టిలోని నులిపురుగులను తగ్గిస్తాయి. అందుకే టమాటా పక్కన బంతి వేస్తారు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి జనం పోయేటప్పుడు, దసరాకు, దీపావళికి పూల ధర మనకు తెలిసిందే. ఇవన్నీ సరే, లాభం లేకపోయినా పూలు కావాలి. మన చెల్లెలు జడలో మనం పెంచిన కనకాంబరాలు పెట్టుకొని బడికి పోతే ఆ సంతోషానికి లెక్క ఎందుకు?

చివరిగా మా కోరికలు కొన్ని. ఒకటి, గదికి ఒక మడి చొప్పున పంచాలి. రెండు, తోటపనిని ఎవరికీ శిక్షగా వేయకూడదు. శిక్షగా చేసిన పని మీద జన్మలో ఇష్టం పుట్టదు. మూడు, నీళ్లు మోయడం ఆడపిల్లల పని, పండించడం మగపిల్లల పని అనే తేడా ఉండకూడదు. నాలుగు, రోజుకు అరగంట మించకూడదు, పరీక్షలప్పుడు పదో తరగతి వాళ్ల వంతు చిన్నవాళ్లు తీసుకోవాలి. ఐదు, వేసవి సెలవులకు పోయేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో తోటకూర, బీర, చిక్కుడు, మునగ గింజల పొట్లం పెట్టి పంపాలి. తొలకరికి అవి మన ఊళ్లలో మొలవాలి.

ఇంకొక్క మాట. ఆకుకూర తింటున్నామని నీలం మాత్ర మానకండి. రెండూ కావాలి. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి, అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగకండి, తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

మేము ఈ ఏడు హాస్టల్ వదిలి పోతున్నాము. మేము పెట్టిన మునగ కాయలు మేము తినము, మీరు తింటారు. మాకు దాని మీద బాధ లేదు. తొమ్మిదో తరగతి తమ్ముళ్లూ, వంతుల కాగితం గోడకు అంటించి పోతున్నాము. మొదటి వారం మీదే.

- పదో తరగతి విద్యార్థులు