ఊరికే

వీడియో కాల్‌లో మా అక్క ముందు మిషన్ని చూసింది, తర్వాత నల్లబడ్డ నా గోళ్లని చూసింది.

"అంతా బానే ఉంది గానీ, దాంతో ఏం వస్తుందే?" అంది.

"ఏమీ రాదక్కా. ఊరికే చేశాను" అన్నాను.

ఆ "ఊరికే" అన్న మాట తడుముకోకుండా అనడానికి నాకు ఐదు నెలలు పట్టింది. మనలో చాలామందికి అది ఇంకా నోట రాని మాటేనని నా అనుమానం. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మేముండేది షికాగో పక్కన. నిరుడు మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ, 1970ల నాటి పిన్‌బాల్ మిషను ఉంది, ఊరికే ఇస్తాను, పట్టుకెళ్తారా అని అడిగారు. చిన్నప్పుడు మేకులు కొట్టిన చెక్క మీద స్ప్రింగుతో గోళీ కొట్టే ఆట గుర్తుందా? దానికి పెద్దన్నయ్య ఇది. గాజు మూత కింద వాలుగా ఉండే బల్ల, ఉక్కు బంతి, అది కిందికి జారిపోకుండా తన్నే రెండు చిన్న రెక్కలు. 1931 నుంచీ ఈ ఆటకి పుట్టిల్లు షికాగోనే. రెక్కలు మాత్రం 1947లో వచ్చాయి.

వంద కిలోలకు పైనే బరువు. నలుగురు పట్టి బేస్‌మెంట్‌లోకి దించారు. మావారూ మా అబ్బాయీ రెండు వారాంతాలు హుషారుగా విప్పారు. మూడో వారం నుంచి ఆయనకి ఆఫీసు పని, వాడికి పరీక్షలు. మిషను బియ్యం బస్తాల పక్కన ఉండిపోయింది. దాని మీద నేను ఉతికిన బట్టలు మడతపెట్టుకునేదాన్ని.

ఒకరోజు అలా మడతపెడుతూ ప్లగ్గు పెట్టి చూశాను. గరగరమని మోటారు తిరగడం మొదలైంది. ఆగదే!

ఇలాంటి పాత మిషన్లలో కంప్యూటరు లేదు. అంతా రిలేలు, కాయిల్సు, రేకు స్విచ్చులు. ఆట మొదలుపెట్టగానే కింద ఒక మోటారు తిరుగుతూ, స్కోరు చూపించే చక్రాలన్నిటినీ సున్నాకి తెస్తుంది. అన్నీ వచ్చాయని తెలిస్తేనే ఆగుతుంది. మాదాంట్లో చక్రాలన్నీ సున్నా దగ్గరే కనిపిస్తున్నాయి, అయినా మోటారు తిరుగుతూనే ఉంది. అందరూ తిన్నారో లేదో తేలక వంటింట్లోనే తిరిగే ఇల్లాలిలాగా. ఎవరో ఒకరు "నా భోజనం అయింది" అని చెప్పట్లేదన్నమాట. ఆ ఒకరెవరో తెలుసుకోవాలనిపించింది. అంతే, దొరికిపోయాను.

పెట్టెలో దుప్పటంత కాగితం మీద వైరింగ్ పటం ఉంది. నేను చదివింది బి.ఏ. తెలుగు. మొదటిరోజు ఆ పటం చీమల బారులా కనిపించింది. నాలుగు రోజులు చూశాక తెలిసింది, ఇది పద్యానికి అన్వయం చెప్పుకోవడం లాంటిదేనని. ముందు క్రియని పట్టుకోవాలి. ఇక్కడ క్రియ మోటారు తిరగడం. ఎవరు తిప్పుతున్నారు, ఎప్పుడు, దేనివల్ల అని ప్రశ్నలు వేసుకుంటూ గీత వెంట వెనక్కి వెళ్తే ఒక్కో స్విచ్చూ దొరుకుతుంది. అలా వెళ్లి వెళ్లి పదుల చక్రం వెనక తేలాను. సున్నా రాగానే విడిపోవాల్సిన రెండు రేకులు వంగిపోయి అతుక్కుని ఉన్నాయి. ప్లగ్గు పీకి, ఒక రేకుని వెంట్రుకవాసి వంచాను. మళ్లీ ప్లగ్గు పెడితే మోటారు నాలుగుసార్లు తిరిగి ఆగింది. బంతి టంగుమని బయటికొచ్చింది.

ఆరోజు కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాను.

తర్వాత ఒక్కొక్కటీ పట్టుకున్నాను. పాత గ్రీజు ఎండి బంకలా తయారైంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ జిడ్డుతో ఇరవై ఏళ్లు పోరాడినదాన్ని, ఇదొక లెక్కా! ఆల్కహాల్‌తో తుడిచేశాను. రెక్క లేచే కాయిల్‌కి రెండు చుట్లుంటాయి, ఒకటి గట్టిగా తన్నడానికి, ఒకటి మెల్లగా పట్టి ఉంచడానికి. రెక్క పైకి లేవగానే అక్కడున్న స్విచ్చు గట్టి కరెంటుని తప్పించాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది. ఆ స్విచ్చు సందు సరిచేశాను. బల్బులు 44 నంబరువి తీసి 47వి వేశాను. అవి తక్కువ వేడెక్కుతాయి, అద్దం మీద బొమ్మల రంగు పెచ్చులూడదు.

ఈ పనంతా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా. అప్పుడెవరైనా ఫోన్ చేస్తే "బట్టలు మడతపెడుతున్నా" అనేదాన్ని. నాకెవరూ అడ్డు చెప్పలేదు. అయినా అబద్ధమాడాను. ఎందుకు?

మనకి సరదాలు లేవని కాదు. ఆవకాయ పెట్టొచ్చు, జాకెట్లు కుట్టొచ్చు, పెరట్లో కూరలు పెంచొచ్చు. నాకూ ఇష్టమే. కానీ చూడండి, అవన్నీ తిరిగి తిరిగి ఇంటికే చేరతాయి. ఇంటికి చేరని పని చేస్తే "తిన్నది అరక్క" అంటారు. మావారు కెమెరా కొన్నప్పుడు దాంతో ఏం వస్తుందని మా అక్క కూడా అడగలేదు. మరిదిగారికి సరదా అంది, అక్కడితో అయిపోయింది.

మా అమ్మ మధ్యాహ్నంపూట వారపత్రికలో గళ్లనుడికట్టు పూరించేది. నాన్న చెప్పుల చప్పుడు వినగానే పెన్సిలూ పత్రికా దిండు కిందికి వెళ్లిపోయేవి. ఒక్కసారీ జవాబులు పోస్టు చెయ్యలేదు. ఎందుకు చేస్తావమ్మా అంటే "ఊరికే" అని, తప్పు చేసినట్టు నవ్వేది.

ఈ ఆట కూడా అలాంటి మాటలు పడ్డదే. ఇది జూదం, పిల్లల మధ్యాహ్నం తిండి డబ్బులు మింగేస్తుందని న్యూయార్క్ మేయర్ లా గార్డియా మిషన్లని సమ్మెటలతో పగలగొట్టించాడు. 1942లో పెట్టిన నిషేధం 1976 దాకా ఉంది. రోజర్ షార్ప్ అనే ఆయన నగర పెద్దల ముందు ఆడి, బంతి ఫలానా సందులోంచి వెళ్తుందని ముందే చెప్పి, అలాగే పంపించి, ఇది అదృష్టం కాదు, నేర్పు అని చూపిస్తే గానీ ఎత్తెయ్యలేదు. ఆటకి కూడా ఏదో ఒక సర్టిఫికెట్ చూపించాల్సొచ్చింది!

నన్నూ అడిగారు ఆ సర్టిఫికెట్. మిషను మూడు గంటలూ మూడు స్వరాల్లో మోగిన రోజు మావారు నిజంగా మురిసిపోయారు. "ఇలాంటివి బాగుచేసి అమ్మేవాళ్లున్నారు తెలుసా? నువ్వూ ఇంకోటి తెచ్చి చెయ్యకూడదూ?" అన్నారు. మెచ్చుకోలే అది. అయినా నా ప్రాణం ఉసూరుమంది. ఎంతకి కొనాలి, ఎన్ని రోజుల్లో అవ్వాలి, ఎంత మిగలాలి. నా రెండు గంటలకీ చిట్టా తయారైపోతోంది. "వద్దండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

మన చేతిలో మన డబ్బు ఉండాలి, కాదనను. సంపాదించాలంటే సంపాదిద్దాం. ఈ రెండు గంటల్ని మాత్రం అందులో కలపొద్దంటున్నాను.

"నీకేం, డాలర్లున్నాయి, బేస్‌మెంటుంది" అనొచ్చు మీరు. రబ్బరు రింగులు, బల్బులు, కాయిల్ స్లీవులు కలిపి నాకు రెండొందల డాలర్లలోపే అయింది, ఈసారి పుట్టినరోజు చీర మానుకున్నాను. మా అమ్మకి పెన్సిల్ ముక్కే అయింది. అసలు ఖరీదు డబ్బు కాదు, వేళ. ఎవరూ ఇంట్లో లేని వేళ దొంగచాటుగా తీసుకున్నంతకాలం అది మనది కాదు. అందరూ ఇంట్లో ఉన్నప్పుడు అడిగి తీసుకోవాలి.

అందుకని భోజనాల దగ్గర చెప్పేశాను. "ఆదివారం పదింటి నుంచి పన్నెండు దాకా నేను కిందుంటాను. దోసెల పిండి ఫ్రిజ్‌లో ఉంది." మొదటివారం మూడుసార్లు పిలిచారు, పెనం ఎక్కడ, చట్నీ ఎక్కడ అని. ఇప్పుడు పిలవడం లేదు. దోసెలు మందంగానే వస్తున్నాయి, కానీ వస్తున్నాయి.

ఈ మిషను పని ఒక్కసారితో తీరేది కాదు. రబ్బర్లు సాగుతాయి, స్విచ్చులు మళ్లీ వంగుతాయి. ఇంటిపనీ అంతేగా. తేడా ఒక్కటే, ఇది చెయ్యకపోతే ఎవరూ పస్తుండరు. అందుకే నాకిష్టం.

ఆరోజు ఫోన్లో "ఊరికే" అనగానే అక్క కాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"ఏదీ, ఆ గంట ఇంకోసారి మోగించు" అంది.