ఓడ దిగి చూచిన ఊరు

చిలీ దేశపు తీరమున వాల్పరాయిసో అను రేవుపట్టణ మున్నది. విహారనౌకలు అచ్చట ఆగినపుడు యాత్రికులు ఉదయమున దిగి సంధ్యలోపల మరల ఓడ నెక్కుదురు. ఇల్లు చేరి "ఆ ఊరు చూచితిమి" అందురు. ఇట్టి యాత్రావృత్తాంతములు మన సంచికలలోను కానవచ్చుచున్నవి. ఆ "చూచితిమి" అను మాటతోనే నాకు తగవు.

చూచిన దేమి? కొండలపై రంగురంగుల యిండ్లు, 1883 నుండి జనమును మోకులతో మిట్టకు లాగు పెట్టెబండ్లు, కవి పాబ్లో నెరూడా నివసించిన మేడ. ఇవి చూడదగినవి కావని నే ననను. 2003లో యునెస్కో ఆ పాతపేటను ప్రపంచవారసత్వముగా గుర్తించుట ఊరక కాదు. కాని ఒకనాడు ఖండపు దక్షిణాగ్రమును చుట్టివచ్చు ఓడల కది పెద్ద మజిలీ. 1914లో పనామా కాలువ తెఱువబడగా ఓడలు దారి మార్చినవి, ఊరి సిరి తఱిగినది. 2014 ఏప్రిలులో పై కొండలలో చిచ్చు రేగి రెండువేలకు మించిన యిండ్లు కాలిపోయెను, పదునైదుగురు మరణించిరి. కాలినవి బీదల వాడలు. యాత్రికుడు ఛాయాచిత్రములు తీసికొను వీథులు కావు. ఒకపూట దర్శనములో ఆ పై కొండకు చోటు లేదు.

"తీరిక లేనివాడు చూడనే రాదా?" అని మీ రడుగవచ్చును. చూడవచ్చును. ఒక పూట చూచితి నని చెప్పిన చాలును.

అంతదూరపు సంగతి మన కేల? పావగడ తాలూకాలోని మన బలసముద్రమునకును ఇదే పట్టినది కావున. బెంగుళూరున స్థిరపడిన మనవారు పావగడలో శనిమహాత్ముని దర్శించుకొని, తిరుమణి దారిలో కారు నాపి, నీలి పలకల బయలు చూచి, "సముద్రమువలె నున్నది!" అని మురిసి మరలుచున్నారు. మన సీమలో ఊరిపేరున సముద్ర మన్నచో అది చెఱువు. నీరు కఱవైన నేలలో చెఱువునే సముద్రమని పిలుచుకొనిన పెద్దల వారసులము, నేడు గాజుపలకల కా పేరు పెట్టుచున్నాము!

ఆ సౌరవిద్యుత్‌క్షేత్రము బలసముద్రముతో కూడ అయిదూళ్లలో సుమారు 13,000 ఎకరములు పఱచుకొన్నది. 2019లో పూర్తియైనది; శక్తి 2,050 మెగావాట్లు. నేలను కొనలేదు, రైతులనుండి కౌలునకు గొనిరి. మొదట ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకమారు నూటి కైదు పెంపు. వాన మొగము చాటుచేయగా వేరుసెనగ వేసి అప్పులపాలైన రైతునకు ఇది నిజముగా మేలే. కాదనువాడు మెట్టసేద్య మెఱుగనివాడు.

కాని అదే చేనిలో కలుపు తీసి, కాయ కోసి బ్రదికిన కూలివారికి కౌలు రాదు. వారికి సెంటు నేలయు లేదు. కొందఱకు పలకలు కడుగు పనియు, గడ్డి కోయు పనియు, కావలియు దొరకినవి. అందఱకును దొరకలేదు. మేకల, గొఱ్ఱెల మేతబీళ్లకు కంచె పడినది. ఈ సంచిక చదువువారిలో కొందఱి ఖాతాలకు ఆ కౌలు చేరుచుండవచ్చును. అట్టివారును కారు దిగి, పది నిమిషములు నిలిచి, "మా ఊరు చూచివచ్చితిమి" అనుట నాకు సహింపరాకున్నది. ఓడలో వచ్చినవాడు పరాయివాడు, భాష రానివాడు. వానికి సాకు కలదు. మీ తాతగారి చేనిలో కొడవలి పట్టిన యామె మనుమరాలు మీ తెలుగుననే మాటలాడును. దుబాసితో పనిలేదు. "ఇప్పు డేమి చేయుచున్నావమ్మా?" అని అడిగిన వారెందఱు?

నేనును అడుగలేదు. మొన్నటి వేసవిలో ఆ దారిని పోవుచు ఛాయాచిత్రము తీసికొంటిని. ఇంటికి వచ్చి చూడగా అందొక మూల కంచె కీవల గొఱ్ఱెలతో నొక ముసలివాడు నిలిచియున్నాడు. నావైపే చూచుచున్నాడు.