పాలకున్న ధర్మము పొలమునకు లేదా?

చిక్కడపల్లి గ్రంథాలయమున పత్రిక విప్పు పాఠకుడు ఉదయమున పాలో, తేనీరో పుచ్చుకొనియే వచ్చియుండును. విజయ డెయిరీకి పాలుపోయు రైతునకు లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకమును 2014లో మన ప్రభుత్వము ప్రకటించినది. ఆ సొమ్ము నెలల తరబడి బకాయిపడిన మాట నిజమే. అయినను అందలి ధర్మము మంచిది. గేదెను మేపి పాలు కొలిచినవానికే పైకము. పట్టాదారు పాసుపుస్తకము నెవరును అడుగలేదు.

పొలము విషయమున ఈ ధర్మము తలక్రిందులైనది. 2018 మే 10న హుజూరాబాదు ప్రాంతమున ఆరంభమైన రైతుబంధు, ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు పట్టాదారునకే యిచ్చినది. 2025లో వచ్చిన రైతు భరోసా ఆ మొత్తమును 6,000 చేసినది. పుచ్చుకొను చేయి మాత్రము మారలేదు. దున్ని, విత్తి, అప్పుల పాలైన కౌలుదారు చూచుచుండగా సొమ్ము పట్టణమున మేడలోనున్న పట్టాదారుని ఖాతాకు చేరినది. అశోక్‌నగరున, నారాయణగూడలో, మనలో నెందరు దానిని పుచ్చుకొనలేదు?

కౌలుదారుని గుర్తించుటకు 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టమున్నది. ప్రభుత్వము దానిని అమలుపరచి, సాగుచేసినవానికే సొమ్ము చెల్లింపవలెను. అంతవరకు పట్టణవాసియగు పట్టాదారు తనకు ముట్టిన పైకమును కౌలులో తగ్గించుట కనీస ధర్మమని మా మనవి.